పనిలోపనికి టీకా

మూలము: "బుధవారం బిడ్డకు ఇంటర్వ్యూ ఉన్నది. పనిలోపని అందరం కుంటాల జూసొద్దాం."

అవతారిక: హుస్నాబాద్ వాస్తవ్యుడగు ఒక తండ్రి, ఎం.డి. పూర్తిచేసిన బిడ్డ సీనియర్ రెసిడెంట్ కొలువుకై ఒక సర్కారు మెడికల్ కాలేజీకి వాక్-ఇన్‌కు పోవనుండగా, లోకకల్యాణార్థము ఈ వాక్యమును ఇంటి వాట్సాప్ గ్రూపున వెలువరించెను. కాలేజీ పేరు మూలమున లేదు. మూలము లేనిది రాయననియు, అక్కరలేనిది చెప్పననియు మన కొల్చారపు వ్యాఖ్యాత మల్లినాథసూరి కట్టుబాటు పెట్టుకొనెను. మొదటిదానిని పాటింతుము. రెండవదానికి హామీ లేదు.

టీక: బుధవారం, బిడ్డ, ఉన్నది: సుగమములు. ఇంటర్వ్యూ: పీజీ అయినంక ఏడాది సీనియర్ రెసిడెన్సీ చేయుటయే అసిస్టెంట్ ప్రొఫెసర్ కొలువుకు మామూలు దారి గనుక తప్పనిది.

పనిలోపని: అవ్యయము. అనగా వ్యయము లేనిదని తండ్రి భ్రమ. "ఎట్టి టీఏ, డీఏ చెల్లించబడవు" అని నోటిఫికేషన్ ముందే చేతులు దులుపుకొన్నది. ఇన్నోవా కిరాయి ఎట్లును తప్పదు. ఏడు సీట్లలో ఒక్క బిడ్డనే కూర్చుండబెట్టుటకు ఏ తండ్రికిని మనసొప్పదు.

అమెరికాలోని మన పిల్లలును ఇట్లే ఊళ్లు తిరుగరా అందురేమో. 2020లో కరోనా వచ్చినది మొదలు అక్కడి రెసిడెన్సీ ఇంటర్వ్యూలు చాలామట్టుకు వీడియోలోనే. పనియే ఇంట నుండగా పనిలోపని ఎక్కడిది?

కుంటాల: నేరడిగొండ మండలమున కడెం వాగు మీది జలపాతము. శకుంతల పేరనే వెలసినదని అక్కడివారందురు. వ్యాఖ్యాత ఇక్కడ బండి ఆపక తప్పదు. కాళిదాసు శకుంతల చేసిన నేరమేమి? శచీతీర్థమున నీళ్లకు మొక్కుచుండగా ఉంగరము జారినది. అనగా ఒరిజినల్ పోయినది. రాజసభలో వెరిఫికేషన్‌కు నిలువగా దుష్యంతుడు ఎదుటి మనిషిని నమ్మలేదు, ఒరిజినల్ ఏదన్నాడు. ఆమె ఒంటరిగా పోయినదా? గౌతమి వెంట నున్నది, కణ్వుని శిష్యులిద్దరు నున్నారు. గౌతమి ముసుగు తొలగించి మొగము చూపినను ఫలితము సున్న. కుటుంబసమేతముగా పోయినంత మాత్రమున సెలెక్షన్ కాదని మహాకవి ఏనాడో తేల్చినాడు. చేప కడుపున ఉంగరము దొరికిన జాలరిని భటులు దొంగయని కట్టి కొట్టిరి; గెజిటెడ్ అటెస్టేషన్‌కు ఇదియే ప్రాచీన రూపము. అయినను ఆ జాలరికి ఉంగరపు విలువకు సరిపడ బహుమానము ముట్టినది. పాపము, అతనికి టీఏ అయినా దక్కినది!

బిడ్డ ఒరిజినల్స్ పోలేదు. చిన్నమ్మ ఒళ్లో ఫైలు, ఫైలు మీద సకినాల డబ్బా. జగిత్యాల దాటేసరికి ఎం.డి. పట్టాకు నూనె మరక. కౌంటర్ దగ్గర గుమాస్తా మరకను పట్టించుకోలేదు. పాత సర్టిఫికెట్ మీద హుస్నాబాద్, కరీంనగర్ జిల్లా. ఆధార్ మీద హుస్నాబాద్, సిద్దిపేట జిల్లా. "రెండూ ఒకటేనా?" అన్నాడు. 2016 అక్టోబరులో మా ఊరు ఉన్నకాడనే ఉండి జిల్లా మారింది సారూ, ఆ మార్చింది కూడా మీ సర్కారే! సోమవారం సాయంత్రం నోటిఫికేషన్ ఇచ్చి బుధవారం పదింటికి రమ్మంటే, నడుమ ఒక్క మంగళవారంలో గెజిటెడ్ సంతకం పెట్టించేది ఎవరు? నైట్ డ్యూటీ దిగి నేరుగా కారెక్కిన డాక్టర్‌ను, రెండు సెట్ల జిరాక్సులతో గంటలకొద్దీ వరండాలో నిలబెట్టుడెందుకు? ఆస్పత్రిలో డాక్టర్లు లేరని పేపర్ల ప్రకటన ఇచ్చేది మీరే కదా?

క్షమించవలెను. ప్రకృతము ననుసరింతము.

తాత్పర్యము: ఇంటర్వ్యూ అయిదు నిమిషములు, కుంటాల మూడు గంటలు. మెట్లు దిగి పోయినవారందరు ఫోటోలు దిగిరి. బిడ్డ కారులో నిద్రపోయెను. కొలువు ఏడాది కాంట్రాక్టు, పిదప మరల నోటిఫికేషన్. తిరుగుదారిలో నాయన ముందు సీటు నుండి మెడ తిప్పి అడిగెను: "వచ్చేసారి నిజామాబాద్ దిక్కు చూడు బిడ్డా, బాసర గూడ అయితది."