నేను రాజంపేట 108ని

బోయనపల్లె దగ్గర హైవే పక్కన నిలబడ్డ అన్నమయ్య విగ్రహం ఎత్తు 108 అడుగులు. నా నంబరూ అదే కాబట్టి, ఆ దారిన పోయేటప్పుడు మా పైలట్ కొత్తవాళ్లకు చెప్పి నవ్విస్తుంటాడు. పైలట్ అంటే డ్రైవరన్నే. ఆ పిలుపు ఆయనకిష్టం.

2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్లో 108, 104 బండ్లు 1,088 ఒక్కసారిగా కదిలినాయి. ఆ వరసలోని అంబులెన్సునే నేను. సర్వీసు నాకన్నా పెద్దది, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. మాకు జిల్లాలతో పనిలేదు. 2022లో రాజంపేటను కడప నుంచి విడదీసి అన్నమయ్య జిల్లాలో కలిపినారు, నాకు మాత్రం పిలుపు పాత కాల్‌సెంటరు నుంచే. వాళ్లు ఊరు, మండలం అడిగి, దగ్గర్లో ఏ బండి ఉందో తెరమీద చూసి కేసు పంపుతారు. ఆ తర్వాత మా ఈఎంటీ, అంటే బండిలో వైద్యం చూసే ఆమె, పిలిచినవాళ్లకు నేరుగా ఫోన్ చేస్తుంది. తిప్పలన్నీ అక్కడే. మ్యాపు మామిడితోట దాకా తెస్తుందిగానీ తోటలో ఏ మూలకో చెప్పదు.

"యాడుండారన్నా?"

"చింతమాను కాడ మేడం, మోటారు షెడ్డు పక్కన. మా నాయనకు పాము కరిసింది. కాలికి తాడు కట్టినాం."

"మేమొచ్చేదాకా తాడు ఇప్పద్దండి. కాలు కదిలీకండి, నడిపీయద్దు. ఒకర్ని టార్చి ఇచ్చి రోడ్డు మీదికి పంపండి."

ఆ టార్చి వెలుగు నాకు జీపీఎస్ కన్నా మేలు. పేషెంటును ఎక్కించుకున్నాక ఈఎంటీ సెంటర్లోని డాక్టరుతో ఫోన్లో మాట్లాడుతూ ఆక్సిజన్, సెలైన్ చూసుకుంటుంది. విషానికి విరుగుడు ఆస్పత్రిలో ఎక్కించాల్సిందే.

దారి లేకపోతే నేను ఉత్త ఇనుము. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పులపుత్తూరు, మందపల్లి ఊళ్ల మీద పడింది. అట్లాంటి నీళ్లలో నా సైరన్ ఎవరికి కావాల?

మామూలు రోజుల్లో నన్ను ఎక్కువగా తిట్టించేది రెఫర్ కేసు. రాజంపేట ఏరియా ఆస్పత్రిలో కుదరదంటే కడప రిమ్స్‌కో తిరుపతి రుయాకో పోవాల. నేను తిరిగొచ్చేదాకా ఈ మండలానికి పక్క మండలం బండే దిక్కు. "రాజంపేట బండి యాడ తొంగుంది?" అని జనం అరుస్తారు. వాళ్ల తప్పేం లేదు, ఎదురుచూసేవాళ్లకు పది నిమిషాలే గంట. బండ్లు మండలానికొకటని లెక్కగట్టినోళ్లు ఈ దూరాల్ని కూడా లెక్కేసుకోవాల్సింది.

మొన్న కడప దారిలో ఉండగానే సెంటరు నుంచి ఫోను.

"రాజంపేట బండి ఖాళీయేనా?"

"ఒంటిమిట్ట దాటినాం సార్, లోపల పేషెంటుండాడు. నందలూరు బండికియ్యండి."