బూజుగారికి మురుగు పడదట

పొద్దు వాలడం ఆలస్యం, కావలి వీధుల్లోకి ఫాగింగ్ బండి వస్తుంది. దాని వెనక పిల్లలు పరుగెడతారు, ముందు దోమలు. పొగ తగ్గాక ఎవరిళ్లకు వాళ్లు చేరుకుంటారు. పిల్లలకు దగ్గయినా మిగులుతుంది. కాలవలో ఈదే లార్వాకు బండి వచ్చిన సంగతే తెలియదు.

దోమ మలేరియాను మోస్తుందన్న గుట్టు 1897లో సికింద్రాబాదులోనే డాక్టర్ రోనాల్డ్ రాస్ దొర చేతికి చిక్కింది. 2016లో మన సర్కారు ‘దోమలపై దండయాత్ర’ చేసింది. చెరువుల్లో లార్వాలను తినే గంబూసియా చేపల్నీ వదిలారు. దోమలు మాత్రం ఎవరినీ నొప్పించకుండా అన్ని పథకాలకూ సహకరిస్తూ వచ్చాయి.

ఇప్పుడు దోమ లార్వాల్ని చంపే నీటిబూజు సంగతి. పేరు లాజెనీడియం జైగాంటియం. దీని బీజాలు రెండు తోకలతో ఈదుకుంటూ పోయి, లార్వా చర్మానికి అతుక్కుని, లోపలికి తొలుచుకుని, రెండు మూడు రోజుల్లో దాన్ని డొల్ల చేస్తాయి. ఆ డొల్లలోంచే కొత్త బీజాలు పుట్టుకొస్తాయి. డీజిల్ బిల్లు లేదు, టెండరు లేదు, నోటిఫికేషన్ లేకుండానే కొత్త నియామకాలు! ఇలాంటి ఉద్యోగిని ఏ ఆఫీసు మాత్రం చేర్చుకుంటుంది?

అయినా ఆయనగారికి పట్టింపులెక్కువ. మురుగునీళ్లు పడవు, ఉప్పునీళ్లు గిట్టవు, ఎండ ముదిరితే పని చేయరు. ఊళ్లో చూస్తే మురుగు కాలవలు, తుమ్మలపెంట తీరం వైపు వెళ్తే ఉప్పునీళ్లు, మే నెలలో ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ఇంటర్వ్యూకు రాకముందే మనల్నే ఫెయిల్ చేశారన్నమాట.

పైగా ఈయన దాయాదులు రొయ్యల హేచరీల్లో జొరబడి సీడును తినేస్తారు. వాళ్లను వదిలించుకోవడానికి హేచరీల వాళ్లు నీళ్లలో ట్రెఫ్లాన్ అనే మందు కలిపేవాళ్లు. దోమ పిల్లల్ని చంపడానికి బూజును పిలవాలి, రొయ్య పిల్లల్ని బతికించడానికి బూజును తరమాలి! అమెరికాలో మన దోమల బూజును మందుగా అమ్మారు కూడా. తీరా ఈ బూజు కుక్కలకూ సోకిందని 2015లో అక్కడి వైద్య పత్రికే రాసింది. మన వీధికుక్కల జనాభా తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

కాబట్టి బూజుగారి కోసం ఎదురుచూడొద్దు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. ఆలోపే డ్రమ్ములు, కూలర్లు వంచి, అంచులు తోమి, ఎండబెట్టండి. శుక్రవారం డ్రై డే నాడే చేయాలనేం లేదు. కాలవ పూడిక తీయించమని మాత్రం వార్డు పెద్దలను అడగండి, అదీ ఓట్లకు వచ్చినప్పుడే.