మహారాజపోషకుడు

గుడి షాపుల వేలం చూసినవాళ్లకు వేరే నాటకం అక్కర్లేదు. గాలిగోపురం పక్కన షామియానా. బల్ల వెనకాల ఈవో గారు, ఆయన పక్కన రిజిస్టరు తెరుచుకున్న నాలాంటి సీనియర్ అసిస్టెంటు, ఎదురుగా ధరావతు డీడీలు జేబులో పెట్టుకున్న పాటదారులు. సర్కారు పాట ఇంత అని చదవగానే అందరికీ ఒక్కసారిగా దగ్గొస్తుంది. ఎవరు పెంచాలో, ఎవరు ఊరుకోవాలో ముందురోజు రాత్రే ఏ డాబాలోనో తేలిపోయి ఉంటుంది. దాన్ని రింగు కావడం అంటారు. కొబ్బరికాయల హక్కు, తలనీలాల హక్కు, చెప్పుల స్టాండు, గాజుల షాపు, అన్నీ ఇట్లాగే. గుళ్లో వేలం వేయనిది మూలవిరాట్టును ఒక్కణ్ణే, అదీ ఇప్పటిదాకా.

నేను దేవాదాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ గుడి పేరు చెప్పను. నల్లమల కింద, నంద్యాల వైపు అనుకోండి, చాలు.

అక్కడ అమ్మవారి గుడి మెట్లకు ఎదురుగా ఒక గాజుల షాపు ఉండేది. సాయిబుది. అంతకుముందు వాళ్ల నాయనది. ఆడవాళ్లు చెయ్యి చాపితే చాలు, రెండుంపావా రెండున్నరా అని కొలత పట్టీ లేకుండానే చెప్పేసేవాడు. చేతిని తన చేతిలోకి తీసుకుని బొటనవేలి కింది కండను మెత్తగా లోపలికి నొక్కి, గాజు విరక్కుండా, చెయ్యి గీరుకోకుండా ఎక్కించేవాడు. శ్రీమంతం పిల్ల వస్తే లెక్క ప్రకారం వేసి, పైన ఒక ఆకుపచ్చ జత తనవిగా వేసి, "తల్లీ బిడ్డా చల్లగా ఉండండమ్మా" అనేవాడు. బెజవాడ దుర్గమ్మకు కార్తీక శుద్ధ విదియనాడు గాజుల అలంకారం చేస్తున్నారని చూసి మా గుళ్లోనూ మొదలుపెట్టినప్పుడు, బుట్టలకొద్దీ గాజులు వచ్చింది ఈ షాపు నుంచే. అర్చకస్వామి ఎర్రవీ పచ్చవీ విడదీసి ఇమ్మన్నాడు, సాయిబు విడదీసి ఇచ్చాడు. అంతకుమించి వాళ్లిద్దరి మధ్యా చర్చ ఏమీ జరగలేదు. ఉగాదినాడు దేవుని కడపలో ముస్లింలు బారులు తీరి, బీబీ నాంచారమ్మ పెనిమిటి కాబట్టి తమ ఇంటి అల్లుడని వెంకన్నకు కొబ్బరికాయ కొట్టే సీమ ఇది. చర్చ దేనికి?

చర్చ కాయితాల మీద మొదలైంది. 2015 నవంబరు 9న ప్రభుత్వం 426వ నంబరు జీవో ఇచ్చింది, గుడి షాపుల వేలంలో హిందువులు కానివాళ్లు పాల్గొనరాదని. శ్రీశైలంలో ఏళ్ల తరబడి షాపులు నడుపుకుంటున్న ముస్లింలు కోర్టుకెక్కారు. 2019లో హైకోర్టు జీవో సరైనదే అంది. 2020లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2021 డిసెంబరులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్నల ధర్మాసనం ఇంకాస్త వివరంగా చెప్పింది. గుడి దగ్గర మద్యం, జూదం వద్దంటే అర్థముంది గానీ పూలు, పిల్లల బొమ్మలు అమ్ముకునేవాణ్ణి మతం చూసి వేలంలోంచి తప్పించడం కుదరదన్నది దాని సారాంశం. ఆ ఉత్తర్వు ప్రింటు తీసి నేనే ఫైలులో పెట్టాను.

2022 మార్చిలో కర్ణాటకలో ఉడుపి పక్కన కాపు మారిగుడి జాతరలో ముస్లిం వ్యాపారులకు చోటు ఇవ్వలేదు. ఆ కబురు సాయంత్రానికల్లా వాట్సాప్‌లో మా ఊరికి వచ్చేసింది. సుప్రీంకోర్టు ఉత్తర్వు మాత్రం రాలేదు. తీర్పుల్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

అప్పుడే మా ఊళ్లో ఒక సమితి పుట్టింది. దాని అధ్యక్షుడు అంతకుముందు ప్లాట్లు అమ్మేవాడు. ఆయన మెడలో మూడు పార్టీల కండువాలు చూశాను. నాలుగోది పార్టీది కాదు, దేవుడిదని ఆయనే చెప్పాడు. మనిషి మంచి మాటకారి. "దేవుడి సొమ్ము ఎవడెవడో తింటున్నాడు, అడిగేవాడు లేడా?" అని మైకులో అడిగితే, దేవాదాయ శాఖలో జీతం తీసుకునే నాకు కూడా ఎవడు తింటున్నాడా అని అనుమానమొచ్చేది. ఆయన చెప్పేదంతా అబద్ధమని నేననను. మాన్యం భూముల కౌలు వసూలు కాదు, చిన్న గుళ్లలో నూనెకు డబ్బులుండవు, ఈవో ఒక్కడే పదిహేను గుళ్లకు ఇన్‌చార్జి. 2025 జనవరి 5న గన్నవరం దగ్గర కేసరపల్లిలో జరిగిన హైందవ శంఖారావానికి, గుళ్లను ప్రభుత్వం చేతుల్లోంచి విడిపించాలని బస్సులు కట్టుకుని వెళ్లినవాళ్లలో మా బంధువులూ ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, ఆ ఫైళ్లన్నీ మోసినవాణ్ణి కదా. కానీ మా అధ్యక్షుడి కళ్లకు మాన్యం భూములు ఆనలేదు. వాటిని దున్నేవాళ్లు పెద్దవాళ్లు. గాజుల షాపు ఆనింది.

వేలం రోజు గేటు దగ్గర ఓ ముప్పైమంది కుర్రాళ్లు నిలబడ్డారు. సాయిబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, డీడీ కవరులో పెట్టుకుని వచ్చాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "మామా, నీకు పాటలో కూర్చునే హక్కుంది, మేం కాదనం. ఎండ ఎక్కువగా ఉంది, ఇంటికి పో" అన్నాడు ఒకడు. వాడి అక్క శ్రీమంతానికి గాజులు వేసింది ఈయనే. సాయిబు వాడి ముఖం కాసేపు చూసి, వెనక్కి తిరిగాడు.

నేను ఫైలు తెరిచి ఉత్తర్వు చూపించాను. ఈవో గారు దాన్ని చదివి, గాలికి ఎగరకుండా దాని మీద పేపర్‌వెయిట్ పెట్టారు. "సుప్రీంకోర్టు ఢిల్లీలో ఉందండీ. వీళ్లు గేటు దగ్గరున్నారు" అన్నారు.

సాయిబు అప్పటిదాకా నెలకు ఏడు వేలు కట్టేవాడు. ఆ రోజు ఏడు వేల సర్కారు పాటకు నోరు తెరిచినవాడు లేడు. వాయిదా వేశాం. రెండోసారీ దగ్గులే. మూడోసారికి పైనుంచి అనుమతి తెచ్చుకుని సర్కారు పాట తగ్గించారు. నాలుగు వేలకు షాపు ఖాయమైంది. హెచ్చు పాటదారు అధ్యక్షుడి బావమరిది. హెచ్చు అని రాయడం రూలు కాబట్టి రాశాను. అమ్మవారికి ఏడాదికి ముప్పైఆరు వేలు తగ్గాయి. గేటు బయట మాత్రం బాణసంచా కాల్చారు.

సాయిబు ధరావతు వెనక్కి ఇవ్వాల్సినప్పుడు ఇంకో తంటా. పాత రిజిస్టరు చెదలు తినేసింది, రికార్డు లేదు పొమ్మన్నారు మావాళ్లు. మర్నాడు ఆయన ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో వాళ్ల నాయన కాలం నుంచీ కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఉంది, ఏడాదివారీగా రబ్బరు బ్యాండ్లు వేసి. కిమ్మనకుండా ఇచ్చేశారు. "కాయితం లేకపోతే ఈ కాలంలో మనిషే లేడు సార్" అన్నాడు డబ్బా మూత పెడుతూ.

బావమరిది షాపు తెరిచాడు. బోర్డు మీద అమ్మవారి పేరు, పైన కాషాయ జెండా, చుట్టూ సీరియల్ లైట్లు. కానీ గాజులు తొడగడం ఫ్లెక్సీ కట్టినంత తేలిక కాదు. మొదటి శుక్రవారమే ఇద్దరు ఆడవాళ్ల చేతులు గీరుకుని రక్తాలు వచ్చాయి. "ఇదేం తొడగడం నాయనా, బండికి చక్రం ఎక్కిస్తున్నావా?" అని ఒక ముసలమ్మ అక్కడే నాలుగు వాయించింది. శ్రావణమాసం వచ్చేసరికి షాపులో ఈగలు.

భాద్రపదంలో చూస్తే షాపు మళ్లీ కళకళలాడుతోంది. బోర్డు అదే, జెండా అదే, లైట్లు అవే. లోపల సాయిబు. టోపీ లేదు. మునుపు ముందు బల్ల మీద కూర్చునేవాడు, ఇప్పుడు గడపకు లోపల, పక్కకు. చేతులు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"ఏం సాయిబూ?" అన్నాను.

"పన్నెండు వేలకు మాట్లాడుకున్నాం సార్. వేరే పని చేతకాదు కదా. రసీదు ఇస్తేనే రూపాయి ఇస్తానని చెప్పినా. ఇంతోటిదానికి రసీదేంది అన్నారు గానీ, నేను పట్టు వదల్లేదు. ఇస్తున్నారు."

వేలం షరతుల్లో సబ్‌లీజు నిషేధం. దానికి రసీదు రాసిచ్చే మొనగాడెవరా అని అప్పుడే అనిపించింది. కానీ ఆ ఏడాదే నా రిటైర్మెంటు. పెన్షన్ కాగితాల వెనక తిరిగేవాడికి ఊళ్లో కాగితాల మీద దృష్టి ఎక్కడుంటుంది?

మరుసటి ఏడు కార్తీకంలో సమితి వార్షికోత్సవం పెట్టారు. గుడి ముందు వేదిక, ఊరి నిండా ఫ్లెక్సీలు. ఫ్లెక్సీల్లో దేవుడు పాస్‌పోర్టు సైజు, అధ్యక్షుడు నిలువెత్తు. ఎక్కడో దూరం నుంచి ఒక పీఠాధిపతిని పిలిపించారు. పెద్దాయన, నిజంగానే నిష్ఠాపరుడు, మా ఊరి రాజకీయాలు ఆయనకు తెలియవు. దాతల జాబితా తయారుచేసే పని ఒక డిగ్రీ కుర్రాడికి అప్పగించారు. ఆ పిల్లవాడు కంప్యూటరు బాగా నేర్చాడు, ఇంకా రాజకీయం నేర్వలేదు. రసీదు పుస్తకాల కార్బన్ కాపీలన్నీ ఇంటికి పట్టుకెళ్లి, రాత్రంతా కూర్చుని పైసలతో సహా కూడి, ఎవరు ఎక్కువిస్తే వాళ్లు పైన వచ్చేటట్టు వరసపెట్టి సావనీరు అచ్చు వేయించేశాడు.

మహారాజపోషకుల కింద మొదటి పేరు అధ్యక్షుడిది కాదు. "అజ్ఞాత భక్తుడు, రూ. 1,44,000" అని ఉంది. అధ్యక్షుడు ఆ పేజీ వేదిక మీదే చూశాడు.

స్వామివారు దాన్ని చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. లక్షలు ఇచ్చి పేరు చెప్పుకోని మహానుభావుడు ఈ కాలంలోనూ ఉన్నాడా అని గుప్తదానం గురించి గొప్పగా మాట్లాడారు. ఆయన్ను చూడకుండా ఈ ఊరు వదలనన్నారు.

అధ్యక్షుడు వంగి చెవిలో, "అజ్ఞాతంగానే ఉండనీయండి స్వామీ, ఆయన కోరిక అది" అన్నాడు. మైకు ఆన్‌లోనే ఉండటంతో ఊరంతా విన్నాం.

"రసీదు నంబర్లు ఉన్నాయి స్వామీ!" అంటూ కుర్రాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆపేలోపే మైకు అందుకుని పన్నెండు నంబర్లు చదివాడు. ఇవి ఎవరి దగ్గర ఉంటే వారు దయచేసి వేదిక మీదికి రావాలి. రెండోసారి. మూడోసారి. హారను కట్టింది సరిగ్గా గాజుల షాపు చూరుకే.

జనం చీలి దారి ఇస్తుంటే బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకుని సాయిబు వచ్చాడు. బావమరిది అప్పటికే జనంలో కలిసిపోయాడు. కుర్రాడు ఒక్కో రసీదూ కార్బన్ కాపీ పక్కన పెట్టి సరిచూశాడు. పన్నెండుకు పన్నెండూ కుదిరాయి. ప్రతి దాని మీదా పైన ఓంకారం, కింద "ధర్మరక్షణకు విరాళం", పేరు ఉండాల్సిన చోట బావమరిది గిలికిన "అజ్ఞాత భక్తుడు".

స్వామివారు రసీదులనే చూశారు. శాలువా విప్పి సాయిబు భుజాల మీద తానే కప్పి, "రెండు మాటలు చెప్పు నాయనా, వీళ్లంతా వింటారు" అని మైకు ఆయన ముందుకు జరిపారు.

సాయిబు అధ్యక్షుడి వైపు చూశాడు, గుడి మెట్ల వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"శాలువా ఎందుకులే సామీ. మా నాయన కాలం నుంచీ ఈడనే బతుకుతున్నాం. అమ్మవారికైతే ఏడు వేలు కట్టేవాణ్ణి, ఏనాడూ ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. ఈ ధర్మరక్షణకు పన్నెండు వేలు నాతో అయ్యేట్టు లేదు. మీరు పెద్దవాళ్లు, ఒక రెండు వేలు తగ్గించమని ఈళ్లకు చెప్పండి."