అమ్మకాల జట్టు

ఎవరిని వదులుకోకూడదో బోస్టన్ రెడ్ సాక్స్ బేస్‌బాల్ జట్టు యాజమాన్యానికి బాగా తెలుసు. సరిగ్గా వాళ్లనే వదిలేస్తుంది! బేబ్ రూత్‌ను 1919 చివర్లో యాంకీస్‌కు అమ్మి, మళ్లీ వరల్డ్ సిరీస్ గెలవడానికి 2004 దాకా ఆగింది. 2020లో మూకీ బెట్స్‌ను డాడ్జర్స్‌కు ఇచ్చేస్తే, వాళ్లు ఆ ఏడాదే కప్పు కొట్టి, 2024, 2025లోనూ ఎత్తుకెళ్లారు. 2023లో రఫేల్ డెవర్స్‌తో పదేళ్ల ఒప్పందం రాసుకుంది. 2025 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో బండి ఎక్కించింది. వాళ్ల క్యాలెండర్‌లో పదేళ్లంటే అంతేనేమో!

అభిమానులేం తక్కువ తిన్నారా? ఆటగాడు ఉన్నంతకాలం ‘వీడికి అన్ని కోట్లా?’ అంటారు. వెళ్లిపోతే ‘ఆ కోట్లేవో పారేయొచ్చుగా!’ అంటారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, చలికాలం రాగానే యజమాని జాన్ హెన్రీ ఖజానాను తలా ఇంత పంచేస్తారు. బెట్స్‌ను పంపిన జట్టు వ్యవహారాల అధిపతి ఛైమ్ బ్లూమ్ ఉద్యోగం 2023లో ఊడితే పండగ చేసుకున్నవాళ్లే, ఆయన కుర్చీలోకొచ్చిన క్రెయిగ్ బ్రెస్లో డెవర్స్‌ను పంపగానే నెత్తీనోరూ కొట్టుకున్నారు.

‘ఇక ఫెన్‌వే పార్క్ మైదానం గడప తొక్కం’ అన్న ఒట్టు మాత్రం ఏటా ఉంటుంది. యాజమాన్యానికీ అదే ధీమా: ఎవరిని అమ్మినా టికెట్లు అమ్ముడుపోతాయి!