అమ్మ ఒక విజిటరు

ఏడో నెలలో పుట్టిన కిలోన్నర బిడ్డ గాజు తలుపు లోపల. కన్నతల్లి బయట ఇనుప బెంచీ మీద. గుమ్మం దగ్గరి రిజిస్టరులో ఆమె పేరు విజిటర్ల వరసలో ఉంటుంది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు దర్శనం. గుళ్లో అయితే ప్రసాదం చేతిలో పెడతారు. ఇక్కడ పాలడబ్బా తెమ్మని చీటీ పెడతారు.

మూడో రోజుకల్లా తీర్పు వచ్చేస్తుంది: "ఈవిడకి పాలు పడలేదండీ."

అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. పాల విషయంలో అది అక్షరాలా శరీరధర్మం. తీసినకొద్దీ ఊరతాయి, తీయకపోతే ఇంకిపోతాయి. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కుదరాలంటే బిడ్డకు సుమారు 34 వారాలు నిండాలి. అందాకా బిడ్డ తరఫున చెయ్యో పంపో అడగాలి, పుట్టిన కొద్ది గంటల్లోనే మొదలుపెట్టి, రోజుకు ఎనిమిది పదిసార్లు, రాత్రిళ్లు కూడా. ఆ మాట చెప్పే మనిషి వార్డులో ఉండరు. సొర పుట్టు వండమనీ వెల్లుల్లి కారం పెట్టమనీ చెప్పేవాళ్లకు మాత్రం లోటు లేదు.

తీరా అరచెంచాడు వస్తే, "ఇవేం పాలమ్మా, పచ్చగా జిగురుగా!" అని సింకులో పోయిస్తారు. అదే ఇంట్లో గేదె ఈనితే ముర్రుపాలలో బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి వీధంతా పంచుతారు. గేదెకున్న గౌరవం కోడలికి లేదు. నెలలు నిండక కన్న తల్లి తొలిపాలలో మాంసకృత్తులు, రోగాన్ని అడ్డుకునే పదార్థాలు మరింత ఎక్కువ. ఈ పసికందుల పేగులను చంపేసే నెక్ జబ్బు ముప్పు డబ్బాపాలతో పెరుగుతుంది, తల్లిపాలతో తగ్గుతుంది.

"తల్లి లోపలికొస్తే ఇన్‌ఫెక్షనండీ" అన్నది ఆసుపత్రి వారి బ్రహ్మాస్త్రం. 1970ల చివర్లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా బిడ్డల్ని తల్లుల గుండెలకు కట్టించాడు. కంగారూ పద్ధతి అలా పుట్టింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో సహా అయిదు దేశాల ఆసుపత్రుల్లో, పుట్టీ పుట్టగానే తల్లి ఒంటికి ఆనించి ఉంచితే 28 రోజుల్లోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో ప్రచురించారు. అయినా కంగారూకు దొరికిన ప్రవేశం కన్నతల్లికి దొరకలేదు.

నిజంగానే పాలు చాలని తల్లులు ఉంటారు. వాళ్ల కోసం దాతల పాలున్నాయి: ముంబై సయాన్ ఆసుపత్రిలో 1989 నుంచి, మన హైదరాబాద్ నీలోఫర్‌లో ధాత్రి పేరుతో. పాల బ్యాంకు ఉన్నచోట కూడా తల్లిని బయట కూర్చోబెడితే అది అప్పుతో సంసారమే.

ఆగస్టు ఒకటి నుంచి ఏడు వరకు, తల్లిపాల వారోత్సవాలప్పుడు మాత్రం వార్డుకు పండగ. రిబ్బను, బెలూన్లు, ముఖ్య అతిథి, తల్లిపాలపై ముగ్గుల పోటీ. పోస్టరును మూసిన గాజు తలుపుకే అంటిస్తారు. 1992 చట్టం పుణ్యమా అని, పాలడబ్బా మీద కూడా తల్లిపాలే శ్రేష్ఠమని అచ్చేసి తీరాలి. ఆ వార్డులో తల్లికి నిజం చెప్పేది ఆ డబ్బా ఒక్కటే.

అయిదు వారాల తర్వాత డిశ్చార్జి. చీటీలో ఆఖరి పంక్తి: "ఆరు నెలలదాకా తల్లిపాలే పట్టవలెను." దాని కిందే పాలపొడి పేరు, రోజుకెన్ని చెంచాలో.