ఓకే సార్‌కి ఆదివారం లేదు

"నమస్తే సార్, ఒక్క నిమిషం మాట్లాడచ్చా?" అంటుంది. అని, ఊపిరి పీలుస్తుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. ప్లాటు అమ్ముకోనీ, షాద్‌నగర్‌లో అమ్ముతుందో సదాశివపేటలో అమ్ముతుందో దాని ఇష్టం. ఊపిరితిత్తులే లేనిదానికి ఊపిరెందుకండీ?

పాత రికార్డు ఫోన్లతో ఈ బాధ లేదు. ఎన్నికలు రాగానే నాయకుడుగారు స్వయంగా ఫోన్ చేసి "నమస్కారం, నేను మీ..." అనేవారు. ఆయన ధోరణిలో ఆయన ఉండగానే మనం పెట్టేసేవాళ్లం. ఇటు మనకీ అటు ఆయనకీ చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఇప్పుడొచ్చిన మాట్లాడే యంత్రం అలా కాదు. "వద్దండీ" అంటే చాలు, "అయ్యో, డిస్టర్బ్ చేశానా సార్?" అని గొంతు కాస్త తగ్గిస్తుంది. ఆ మాట విన్నాక తెలుగు పుటక పుట్టినవాడు ఏమంటాడు? "పర్లేదమ్మా, చెప్పండి" అంటాడు. ఆ "పర్లేదమ్మా" కోసమే కదా దానికి ఇంత కంఠం పోసింది! ఇక గజం ధర మొదలు. ఇంకా వెయ్యని రీజినల్ రింగ్ రోడ్డుకి సరిగ్గా పది నిమిషాల దూరమట. లేని రోడ్డుకి దూరం ఎలా కొలిచారమ్మా అని అడిగాను. "చాలా మంచి ప్రశ్న సార్" అంది. నేను చదువుకున్న రోజుల్లో ఏ మాస్టారూ నన్ను అంత మాట అనలేదు.

పేరు అడిగితే రోజుకొకటి చెబుతుంది. గొంతు మాత్రం అదే. అన్నిటికన్నా ముఖ్యం, వెనకాల ఆఫీసు అదే.

ఆ ఆఫీసు సంగతి చెప్పాలి. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ వెనక కీబోర్డు టకటకలాడుతుంటుంది. ఎవరో కుర్చీ బర్రున లాగుతారు. కాసేపటికి ఒక మగగొంతు "ఓకే సార్, ఓకే సార్" అంటుంది. ఆ వెంటనే ఇంకెవరో ఆడమనిషి పకపకా నవ్వుతుంది. మొదట్లో పట్టించుకోలేదు. మర్నాడూ కుర్చీ, ఓకే సార్, నవ్వు. ఆ మర్నాడూ అదే వరస. దాంతో నాకు ప్లాటు మీద లేని ఆసక్తి ఓకే సార్ మీద పుట్టింది. ఎవరికి చెబుతున్నాడు పాపం? అవతలి మేనేజరు ఎంత మొండివాడో, రెండుసార్లు అంటేగానీ ఒప్పుకోడు. ఆ నవ్విన అమ్మాయి ఇతన్ని చూసే నవ్విందా? అయితే ఇతనికి తెలుసా? సంక్రాంతి నాడు ఫోనొచ్చింది. ఊరంతా హైదరాబాదు ఖాళీ చేసి టోల్‌గేట్ల దగ్గర నిలబడితే ఓకే సార్ మాత్రం సీట్లోనే ఉన్నాడు. ఉగాది నాడూ ఉన్నాడు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి కూడా ఉన్నాడు. మా ఆవిడ సైతం వంటింట్లోంచి "ఏమిటిట, మీ ఓకే సార్‌కి సెలవు దొరికిందా?" అని అడగడం మొదలుపెట్టింది. బంధువుల్లో కూడా ఎవరి యోగక్షేమాలూ మేమింతగా విచారించలేదు.

తరవాత ఇలాంటి సాఫ్ట్‌వేర్ పని తెలిసిన కుర్రాడొకడు అసలు రహస్యం విప్పాడు. యంత్రం ఒంటరిగా మాట్లాడితే జనానికి అనుమానమొస్తుందని, వెనకాల కలపడానికి చప్పుళ్లు తయారుగా ఉంటాయట. కాల్ సెంటర్ చప్పుడు కావాలంటే అది, కాఫీ షాపు కావాలంటే అది, కొండల్లో గాలి కూడా దొరుకుతుందట. కొండమీద నిలబడి పర్సనల్ లోను అమ్మే మహానుభావులెవరో నాకు తెలీదు.

ఇలాంటి ఫోన్లు రాకుండా డీఎన్‌డీ పెట్టించుకోలేదా అంటారు. 1909కి ఎప్పుడో చెప్పుకున్నాను. అమ్మకాల ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలని ట్రాయ్ నియమం. 140 కనిపిస్తే ఎవడూ ఎత్తడు గనక ఇవి మన మేనల్లుడి నంబర్‌లా పదంకెలతో వస్తాయి. ఫిర్యాదుకి మూడు రోజులుండే గడువుని 2025లో ఏడు రోజులు చేశారు. సంతోషమే. ఫిర్యాదు రాసుకుంటుండగానే ఇంకోటి వస్తుంది.

యంత్రం మనిషిలా మాట్లాడటం కొత్తేం కాదు. 2018లో గూగుల్ సభలో సుందర్ పిచాయ్ ఒక ఫోన్ కాల్ వినిపించారు. యంత్రం సెలూన్‌కి ఫోన్ చేసి, జుట్టు కత్తిరింపుకి టైము అడిగింది. మధ్యలో "మ్‌హ్మ్" అని ఊఁ కొట్టింది. సభ గొల్లున నవ్వింది. ఫోనెత్తిన మనిషికి మాత్రం తను యంత్రంతో మాట్లాడుతున్నట్టు తెలియనే తెలియదు. బయట చాలామందికి అది నచ్చలేదు. దాంతో, యంత్రమే మాట్లాడుతోందని ముందుగా చెప్పిస్తామంది గూగుల్. మా ప్లాటుది ఇప్పటిదాకా చెప్పలేదు. నేను సూటిగా "నువ్వు యంత్రానివా?" అంటే నవ్వేసి సైట్ విజిట్‌కి కారు ఎన్నింటికి పంపమంటారని అడిగింది. ఇంకోసారి అడిగితే తనే ఫోన్ పెట్టేసింది.

ఈ మధ్య ఓకే సార్ విషయంలో కోపం పోయి ఇంకేదో వస్తోంది. ఆ చప్పుడు ఎక్కడో ఒక నిజం ఆఫీసులో పట్టిందే కదా. ఆ కుర్చీ నిజం కుర్చీ, ఆ నవ్వు నిజంగా ఎవరో వేసిన జోకుకే వచ్చుంటుంది. ఆ కుర్చీల్లో ఇప్పుడెవరున్నారు? వాళ్లు చేసే పని యంత్రానికిచ్చి, వాళ్ల సందడి మాత్రం ఉంచుకున్నారేమో. జీతం లేకుండా.

మొన్న క్రెడిట్ కార్డు కోసం ఒకమ్మాయి ఫోన్ చేసింది. వెనకాల చడీచప్పుడు లేదు. కుర్చీ లేదు, ఓకే సార్ లేడు. ఇంటినుంచి పని చేస్తోందో ఏమో. ఇంత నిశ్శబ్దమేమిటని నాకే అనుమానం వచ్చి "ఏమీ అనుకోకమ్మా, నువ్వు మనిషివేనా?" అన్నాను.

"ప్రస్తుతానికి మనిషినే సార్" అంది.

ఏం చెప్పాలో తోచలేదు. కార్డు వద్దన్నాను. పర్లేదు సార్, థాంక్యూ అంది. నేను పెట్టలేదు, ఆ అమ్మాయీ పెట్టలేదు. అలా కాసేపయ్యాక తనే మెల్లిగా అంది:

"సార్, మీరే కట్ చెయ్యాలి. మేం ముందు పెట్టెయ్యకూడదు."