గోదావరిఖనిలో ‘నిజం’ ఛానల్ పెట్టుకునే విధానం

ముందు పేరు. నిజం, నిప్పు, గళం, గర్జన... వీటిలో ఏ రెండు కలిపినా యూట్యూబ్ ఛానల్ అయిపోతుంది. మెయిన్ చౌరస్తాలో ఫ్లెక్సీలు కొట్టే దోస్తు ఒకడుంటే లోగో ఖర్చు కూడా మిగులుతుంది. ప్రతి థంబ్‌నెయిల్ మీద ‘వాళ్లు దాస్తున్నది ఇదేనా?’ అని రాయండి. వాళ్లెవరో చెప్పొద్దు, చెప్తే ఫోన్ చేస్తారు. ప్రశ్నార్థకం మాత్రం మరవొద్దు. రేపు ఎవరైనా నిలదీస్తే, మేం చెప్పలేదు, అడిగామంతే అనొచ్చు.

వానాకాలం మీకు పంటకాలం. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లో నీళ్లు నిలిచి డంపర్లు ఆగిపోతాయి, జనం ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. 2022 జులైనే తీసుకోండి. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు ఎక్కింది. 17న అక్కడికి వెళ్లిన అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, లేహ్‌లోలాగే ఇక్కడా క్లౌడ్ బరస్ట్‌ల వెనుక విదేశాల కుట్ర ఉందంటున్నారని, అదెంతవరకు నిజమో తెలియదని అన్నారు. ఎడిటింగ్ అంటే ఏమిటో ఇక్కడే నేర్చుకోవాలి. ఆ చివరి ముక్క కత్తిరించేయండి. మిగిలిందే మీ హెడ్డింగ్.

వాతావరణ శాఖ లెక్కలో క్లౌడ్ బరస్ట్ అంటే 20, 30 చదరపు కిలోమీటర్ల చోట గంటలో 10 సెంటీమీటర్ల వాన. అప్పుడు పడ్డదేమో రోజుల తరబడి, జిల్లాలకు జిల్లాలు. ఈ తేడా తెలిసినాయన లైవ్‌లోకి వస్తానంటే కరెంటు పోయిందని చెప్పకండి. 2600 మెగావాట్ల ఎన్టీపీసీ పక్కన కూర్చుని ఆ సాకు చెల్లదు. నెట్ పోయిందనండి.

వైద్యానికొస్తే, 2021 మేలో కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య పంచిన మందు మీకు పాఠ్యపుస్తకం. జబ్బు ఎంతమందికి తగ్గిందన్నది పక్కనబెట్టి, క్యూ ఎంత పొడవుందో చూపించండి. కంటి చుక్కలకు కాకుండా, ఆయన మందుల్లో కొన్నింటికి ఏపీ ప్రభుత్వం మే 31న అనుమతి ఇచ్చింది. ‘అనుమతి’ని ఎర్రక్షరాల్లో వేయండి. కరోనా తగ్గిస్తుందనడానికి రుజువు లేదని ఆ ప్రభుత్వమే చెప్పిన మాట స్క్రోలింగ్‌లో కూడా కనబడకూడదు.

ఇక చర్చలు. ఎవరినైనా పిలవండి, జ్యోతిష్కుడైనా ఫర్వాలేదు. రిటైరైన మైనింగ్ సర్దార్‌ని మాత్రం గడప తొక్కనివ్వద్దు. ఆయన ఏళ్ల తరబడి బొగ్గు బాయిల గ్యాస్ చూసినాయన. మీథేన్ 1.25 శాతం దాటితే, ఎవడు గొణిగినా వినకుండా మనుషుల్ని బయటికి పంపినాయన. పొరపాటున వచ్చాడనుకోండి. “గాలిలో ఏదో కలుపుతున్నారట కదా పెద్దయ్యా?” అని మీరు గొంతు తగ్గించి అడుగుతారు.

“రీడింగెంత బిడ్డా?”

“రీడింగ్ కాదు పెద్దయ్యా, అంటున్నరు...”

“ఎవరన్నరు? దేంతోని కొలిచిండ్రు?”

అంతటితో ఊరుకుంటే బాగుండు. లేచి మీ స్టూడియో కిటికీ చెక్క మీద వేలు గీస్తాడు. నల్లగా అయిన ఆ వేలు కెమెరా ముందు పెడతాడు. “నిన్న తుడిచినవా దీన్ని? ఒక్క రోజుల గింత పడ్డది. లేహ్‌ల మబ్బుల సంగతి తర్వాత, గిది కొలిచినవా?”

వెంటనే బ్రేక్ చెప్పండి. ఆయనకు చాయ్ ఇచ్చి, ఆటో ఎక్కించి రండి. సాయంత్రంలోగా ఆ కిటికీకి గ్రీన్ మ్యాట్ కొట్టించండి. ఎట్లాగూ స్టూడియోకి కావాల్సిందేగా.